లక్క ప్లేట్లు, అటక మీది టేపులు



ఏటికొప్పాక బొమ్మ మీది మెరుపు, హైదరాబాదు లాడ్ బజారులో అమ్మే గాజులు, మన తాతల ఇళ్లలో మోగిన గ్రామఫోను ప్లేటు, ఈ మూడింటికీ పుట్టిల్లు ఒక్కటే. లక్క. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద నలుసంత పురుగులు కట్టుకునే గూడు అది. దుర్యోధనుడు వారణావతంలో పాండవులకు ఇల్లు కట్టించింది దీంతోనే. ఆ లక్కనే శుద్ధి చేసి, రాతిపొడి, నల్లటి మసి కలిపి, వేడి మీద అచ్చులో నొక్కితే నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు తయారయ్యేది. ప్రపంచంలో ఏ మూల ప్లేటు తయారైనా అందులోని లక్క చాలావరకు మన దేశం నుంచి వెళ్లిందే. ఇటలీ గాయకుడు కరూసో పాట నిలిచినా, మన రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం నిలిచినా ఆ పురుగు పెట్టిన భిక్షే.

పాత పాటల పెట్టెల గురించి మాట్లాడమంటే ఈ లక్క దగ్గర ఎందుకు మొదలుపెట్టానంటారా? ఆ పెట్టెల మాట ఎత్తగానే మనవాళ్లు ‘ఆహా, ఆ రోజులే వేరు’ అంటారు. వేరే, కాదనను. కానీ ఆ పెట్టెలు మన పాటను, పద్యాన్ని ఎటు తిప్పాయి, ఏం దాచాయి, ఏం వదిలేశాయి అన్నది ఆ ఆహాల్లో కొట్టుకుపోతోంది.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించాడు. పాట చివర ఆవిడ ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెబుతుంది. మైనం పలక మీద గీసిన ఆ పాట ఓడెక్కి జర్మనీలోని హనోవర్ వెళ్లాలి. అక్కడి పనివాళ్లకు ఎవరి పాట ఏదో తెలియాలి కదా, అందుకని చెప్పించేవారంటారు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టేదాకా మన లక్క సముద్రం దాటేది, మన పాటా సముద్రం దాటేది. రెండూ కలిసి ప్లేటై తిరిగొచ్చేవి.

ఆ రోజుల్లో మైకు లేదు. పాడేవాళ్లు బాకాలో తల దూర్చినంత దగ్గరగా నిలబడి గొంతు చించుకోవాలి. ఆ గాలి ఊపుకే అవతల సూది కదిలి మైనం మీద గీత గీసేది. సన్నని గొంతు ఆ గీతకు ఆనేది కాదు, వీణ మీటు సగం గాలిలోనే పోయేది. కరెంటు మైకుతో రికార్డు చేయడం వచ్చింది 1925 తర్వాతే. మరి మైకు లేకుండా వెయ్యిమందికి వినపడేలా పాడటం ఎవరికి అలవాటు? మన నాటకాలవాళ్లకు. పందిట్లో ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా ప్రతి అక్షరం చేరేలా పద్యం ఎత్తుకునే గొంతులు అవి. బాకాకు కావలసిన గొంతు అప్పటికే మన దగ్గర తయారుగా ఉంది. తెలుగు ప్లేట్లలో రంగస్థల పద్యం అంత చోటు ఆక్రమించుకోవడానికి జనాదరణ ఒక్కటే కారణం కాదని నా అనుమానం.

అయితే ఆ గొంతుకు ప్లేటు ఇచ్చిన జాగా ఎంత? పది అంగుళాల 78 ప్లేటు ఒక పక్కన మూడు నిమిషాల చిల్లర. రంగస్థలం మీద అదే పద్యానికి రాగం తీస్తే తీసినంత. జనం ‘వన్స్ మోర్’ అన్నారంటే హరిశ్చంద్రుడి చచ్చిన కొడుకు లేచి కూర్చోవలసిందే, తండ్రి మళ్లీ పద్యం అందుకోవలసిందే. ప్లేటు దగ్గర ఆ వేషాలు కుదరవు. ఎత్తుగడ, పద్యం, చివర కాస్త రాగం, గంట కొట్టినట్టు ముగింపు. నాలుగు పాదాలను మూడు నిమిషాల్లో దింపడానికి ఆ మహానుభావులు ఎన్ని సంగతులు మింగి ఉంటారో! తర్వాత తరం నటులు చాలామంది పద్యం నేర్చుకున్నది ఈ కుదించిన ప్లేట్లు వినే. గురువు దగ్గర పాఠం అయితే విస్తరించేది, ప్లేటు దగ్గర పాఠం దాని కొలతలోనే ఆగింది. ఈనాటికీ కొందరు పద్యం పాడుతుంటే ఎక్కడో ప్లేటు అయిపోతోందని తొందరపడుతున్నట్టే వినిపిస్తుంది నాకు.

‘వన్స్ మోర్’ మాత్రం పోలేదు. అది ఇంట్లో కూర్చున్నవాడి చేతికొచ్చింది. ముల్లు ఎత్తి మళ్లీ మొదట పెడితే చాలు, నటుడు స్థానం నరసింహారావు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు సత్యభామ అవుతాడు.

ఆ ముల్లు సంగతి కొంచెం చెప్పనివ్వండి. ప్లేట్లతో పాటు చిన్న రేకు డబ్బా వచ్చేది, మూత మీద బాకా ముందు చెవి రిక్కించిన కుక్క బొమ్మ. మనవాళ్లు కంపెనీ పేరు పలకలేక ‘కుక్క బొమ్మ ప్లేట్లు’ అనేసేవారు. డబ్బాలో ఉక్కు ముళ్లు. ఒక పక్క పాడగానే ముల్లు తీసి పారేయాలి, కొత్తది బిగించాలి. పిసినారి ఇంట్లో ఒకే ముల్లుతో పది ప్లేట్లు లాగించేవారు, ఆ ప్లేట్లు ఇవాళ వింటే గొంతుకంటే బుసే ఎక్కువ. కారణం లక్కలో కలిపిన రాతిపొడి. అది కావాలనే కలిపేవారు. ప్లేటు తిరగడం మొదలైన మొదటి క్షణాల్లో గాడి ముల్లును అరగదీసి తనకు సరిపడేలా చెక్కుకుంటుంది. అరిగిన ఆ ముల్లుకు పక్కన పదునైన అంచు తేలుతుంది. దాన్నే మరో ప్లేటు మీద పెడితే ఉలి పెట్టినట్టే. అందుకే పాత సామాన్ల అంగళ్లలో ప్లేట్లు కొనేవాళ్లు ముందు వెలుతురుకు వాల్చి చూస్తారు. నల్లగా నిగనిగలాడితే పిసినారి చేతిలో పడలేదన్నమాట. గాడి బూడిదరంగుకు తిరిగితే ధర అడగకుండానే పక్కన పెడతారు.

1948లో వచ్చిన ఎల్పీ ఈ కష్టాలన్నీ తీర్చింది. లక్క పోయి వినైల్ వచ్చింది, నిమిషానికి 78 చుట్లు పోయి 33 చుట్ల చిల్లర వచ్చింది, పక్కకు ఇరవై నిమిషాల పైన పట్టింది. మనదేశంలో మాత్రం లక్క అంత తేలిగ్గా పోలేదు. 1960లలో కూడా ఇక్కడ బీటిల్స్ పాటలు 78 ప్లేట్ల మీద అచ్చయ్యాయి. వాళ్ల సొంతదేశంలో అప్పటికే 78 కథ ముగిసిపోయింది. కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చే గ్రామఫోన్లు ఇంకా ఎన్నో ఉండటమే దానికి కారణం. ఇవాళ ఆ ప్లేట్ల కోసం విదేశీ సేకర్తలు ఎగబడతారు.

తెలుగు ఇంట్లో ఎల్పీ అనగానే రెండు గుర్తొస్తాయి. ఒకటి 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సినిమా మాటల ప్లేట్లు. పాటల కోసం కాదు, సంభాషణల కోసం జనం ప్లేటు కొన్నారు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సమాసాలు బడి మొహం చూడనివాళ్ల నోట కూడా తప్పులేకుండా పలికాయి. రెండోది ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు, ఆ రికార్డు బయటికొచ్చింది ఆ తర్వాతే. తెల్లవారుజామున పూజగదిలో పెట్టుకోవడానికి కొన్న ప్లేటు అది. కాలక్రమంలో ఏమైందో చూడండి, ఇవాళ ఏ వీధిలోనైనా ఆ గొంతు గీత మొదలుపెట్టిందంటే ‘ఎవరు పోయారు?’ అని అడుగుతున్నాం. గీతకు గానీ ఘంటసాలకు గానీ ఈ సంగతి ముందే తెలిసుంటే ఏమనేవారో!

ఎల్పీ గురించి మరొక్క మాట. ఇప్పుడు మళ్లీ వినైల్ మోజు పెరిగింది. అమెరికాలో 2022లో సీడీలకంటే ఎల్పీలే ఎక్కువ అమ్ముడుపోయాయి. ఇక్కడా కుర్రవాళ్లు కొంటున్నారు, వెచ్చగా వినిపిస్తుందట. వినిపిస్తే మంచిదే. కానీ ప్లేటు అంచున గాడి ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్లు పరుగెడితే, మధ్యకు వచ్చేసరికి అది 20కి పడిపోతుంది. అంటే ఆఖరి పాటకు అదే శబ్దాన్ని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలి. చివరి పాటలో ‘స’కారాలు బుసకొట్టేది అందుకే. పాతది కాబట్టి గొప్పగా వినిపిస్తుందన్న మాట నాకు నమ్మబుద్ధి కాదు. గొప్పగా వినిపించని దాన్ని కూడా మనం ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాం, అది వేరే విషయం.

రేడియో గురించి రేడియోలో కూర్చుని ఎక్కువ చెప్పకూడదు. వాల్వు రేడియో స్విచ్చి వేస్తే అరనిమిషం దాకా పలకదు. లోపల గాజు బుడ్లు ఎర్రబడాలి, ముందు పచ్చటి కన్ను తెరుచుకోవాలి, స్టేషను కుదిరినప్పుడు ఆ కన్ను రెప్పలు దగ్గరికి రావాలి. దూలాల కింద ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి జాలీ ఏరియలు. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు. సిలోను రేడియో నుంచి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు అలల మీద తేలుతూ మునుగుతూ వచ్చేది. మునిగినప్పుడు పాటలో ఆ ముక్కను ఇంట్లో ఎవరో ఒకరు పాడి పూరించేవారు.

రేడియో, గ్రామఫోను కొనలేని ఊరికి మైకు సెట్టు ఉండేది. పెళ్లికో శ్రీరామనవమికో కొబ్బరిచెట్టుకు రేకు హారన్లు కట్టి, కింద బల్ల మీద ఆంప్లిఫయరు, ప్లేయరు, ప్లేట్ల పెట్టె పెట్టుకుని కూర్చునే మైకు సెట్టు అబ్బాయి ఆ నాలుగు రోజులూ ఊరికి దొర. ముందు వినాయకుడి పాట, తర్వాత వెంకటేశ్వరుడు, ఆ తర్వాత అతనిష్టం. ఊళ్లో ఎవరికి ఏ పాట నచ్చుతుందో అతనికి తెలిసేది, ఎవరు ఎవరి కోసం ఆ పాట వేయించుకుంటున్నారో కూడా తెలిసేది. రికార్డింగు డాన్సులకు పేరు వచ్చింది ఈ ప్లేట్ల పుణ్యాన్నే. వద్దన్నా వినవలసిందే అన్నది ఆ హారన్ల చెడ్డగుణం. పరీక్షల రోజుల్లో వాటిని తిట్టుకోని విద్యార్థి లేడు. ఆ తిట్లను జ్ఞాపకాల్లోంచి తీసేయడం న్యాయం కాదు.

ఇక క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీలో లౌ ఒటెన్స్ అనే ఇంజనీరు ఒక చెక్కముక్కను తన కోటు జేబులో పట్టేలా కోయించి, టేపు పెట్టె దీన్ని మించకూడదన్నాడు. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో అది బయటికొచ్చింది. అంతకుముందు టేపు అంటే ఇలాంటి స్టూడియోల్లో పెద్ద చక్రాల మీద పావు అంగుళం వెడల్పుతో సెకనుకు 19 సెంటీమీటర్లు పరుగెత్తేది. తప్పు దొర్లితే బ్లేడుతో కోసి అతికించేవారు. ఒటెన్స్ దాన్ని నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ వెడల్పుకు, సెకనుకు ఐదు సెంటీమీటర్లకు తక్కువ వేగానికి దించాడు. శబ్దం నాసిరకమైంది, బుస పెరిగింది. కానీ ఒక బటను కొత్తగా మన చేతికొచ్చింది. ఎర్రటి బటను. గ్రామఫోను, రేడియో మనకు వినిపించాయి తప్ప మన మాట వినలేదు. క్యాసెట్టు వింది.

ఆ పెట్టె తెలుగు ఊళ్లకు ఎక్కువగా గల్ఫ్ దారిన వచ్చింది. కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లినవాళ్లు, కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు సెలవుకొచ్చినప్పుడు అత్తరు సీసా, పట్టెల దుప్పటితో పాటు ‘టూ ఇన్ వన్’ తెచ్చేవారు. రేడియో, టేపు రెండూ ఒకే పెట్టెలో. చదువు రాని తల్లికి ఉత్తరం ఎందుకు? క్యాసెట్టులో మాట్లాడి, మళ్లీ అటు వెళ్లేవాళ్లతో పంపించేవారు. పక్కింటివాళ్లు, మనవలు, చివరికి గేదె అరుపు కూడా ఆ ఉత్తరంలో చేరేవి. ఆ ఉత్తరాన్ని రాసిపెట్టడానికి, చదివిపెట్టడానికి మూడోమనిషి అక్కర్లేకపోయింది. పోస్టుమ్యాను ముందు చెప్పలేని మాటలు తల్లీకొడుకులు, ఆలుమగలు మొదటిసారి ధైర్యంగా చెప్పుకున్నది ఆ టేపులోనే.

పట్నాల్లో రికార్డింగు సెంటర్లు వెలిశాయి. తెల్లకాగితం మీద పాటల చీటీ రాసి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, వారం తర్వాత వెళితే ఎల్పీల నుంచి ఎక్కించి ఇచ్చేవాడు. ఒక పక్క చివర కాస్త టేపు మిగిలితే ఊరుకునేవాడు కాదు, తనకిష్టమైన పాట సగం ఎక్కించేసేవాడు. ఆ సగం పాట మాత్రం జన్మంతా సగమే తెలుస్తుంది మనకు. టేపు చుట్టుకుపోతే పెన్సిలు దూర్చి తిప్పడం, తెగితే గోళ్ల రంగుతో అతికించడం, చెరిపేయకుండా వీపు మీది మీటలు విరగ్గొట్టడం, మనసు మారితే ఆ చిల్లుల మీద కాగితం అంటించి మళ్లీ ఎక్కించుకోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. వదిలేస్తాను.

నేను చెప్పదలచుకున్నది ఆ ఎర్ర బటను గురించి. మా మేనత్త ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడేది. ఆ పాట పుస్తకాల్లో అచ్చయింది, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆవిడ వరస మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని ఎవరో పండక్కి వచ్చినప్పుడు టూ ఇన్ వన్‌లో పట్టారు. మొదట టక్కుమని బటను నొక్కిన చప్పుడు, ‘ఒరేయ్, అది తిరుగుతోందా?’ అని ఆవిడ ప్రశ్న, ఎవరో నవ్వడం, తర్వాత పాట. మధ్యలో కుక్కరు కూత. కూత వినగానే ఆవిడ పాట ఆపకుండానే ఎవరికో సైగ చేసినట్టుంది, గాజులు గలగలమంటాయి. ఇంకా విచిత్రం ఒకటుంది. ప్రతి చరణానికి ముందు ఒక సెకను నిశ్శబ్దంలో అదే చరణం మొదటి మాట గుసగుసగా వినపడుతుంది, తర్వాత అసలు గొంతు. ఏళ్ల తరబడి చుట్టి ఉన్న టేపులో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకుంటుంది, కొత్త పుస్తకంలో సిరా ఎదుటి పేజీకి అంటినట్టు.

సినిమా పాటలు ఎక్కడికీ పోవు. ఘంటసాల గొంతు ఇవాళ ఫోనులో అడిగితే పలుకుతుంది. పాత ప్లేయరు చెడితే హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో బెల్టో హెడ్డో దొరక్కపోదు. ఇంట్లో పట్టిన టేపు సంగతి అలా కాదు. అది ఉన్నది ఒకే ఒక్క ప్రతి. మంగళహారతులు, అప్పగింతల పాటలు, ఊళ్లో జరిగిన హరికథ, తాతయ్య కోర్టు కేసు గురించి చెప్పిన కథ, మొదటి మాటలు పలుకుతున్న పిల్ల. వీటిలో చాలావాటి మీద పాత సినిమా పాటలు ఎక్కించేసి ఇప్పటికే చెరిపేశాం. మిగిలినవి అటక మీద ఉన్నాయి. కోస్తా తేమకు టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. లోపల టేపును హెడ్డుకు అదిమే చిన్న ఉన్ని ముక్క జిగురు వదిలి రాలిపోతుంది. అప్పుడు గొంతు ఎక్కడో బావిలోంచి వస్తుంది, మనం టేపు పాడైందనుకుని పారేస్తాం. పాడైంది ఆ ఉన్ని ముక్క ఒక్కటే.

అందుకని, అటక దించేవాళ్లకు నాలుగు మాటలు. దొరకగానే ఆత్రంగా ప్లేయరులో పెట్టకండి. చాలాకాలం వాడని ప్లేయరులో రబ్బరు చక్రం జిగటబారి ఉంటుంది, టేపును నమిలేస్తుంది. ముందు పనికిరాని క్యాసెట్టుతో పరీక్షించండి. హెడ్డును దూదితో, స్పిరిటుతో తుడవండి. పెట్టె పగిలినా ఉన్ని ముక్క ఊడినా, స్క్రూలున్న మరో క్యాసెట్టు విప్పి ఈ టేపును అందులోకి మార్చవచ్చు. ఓపికగల టేపు మెకానిక్కుకు అది పెద్ద పని కాదు. బూజు కనిపిస్తే మీరు తుడవకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి. పాడించేముందు ఒకసారి ఆ చివరిదాకా, మళ్లీ ఈ చివరిదాకా తిప్పితే పొరలు విడతాయి. గొంతు మందంగా ఉంటే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి చూడండి, ‘స’ అన్న అక్షరం తేటపడిన చోట ఆపండి.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు బుస తీసేయండి, కుక్కరు తీసేయండి అని దుకాణంవాడు సలహా ఇస్తాడు. ముందు ఉన్నదున్నట్టు ఒక ప్రతి తీయించుకోండి, శుభ్రం చేసే ముచ్చట రెండో ప్రతి మీద తీర్చుకోండి. అసలు క్యాసెట్టును పారేయకండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరమో రాయండి. అది తెలిసిన మనిషి ఇంట్లో ఇంకా ఉంటే ఇవాళే అడగండి, పండక్కి అడుగుదాంలే అనుకోకండి.

ఏ క్యాసెట్టుతో మొదలుపెట్టాలన్న సందేహం వస్తే, మీద ఏమీ రాయని దాన్ని తీయండి. సినిమా పాటలదైతే మనవాళ్లు పేరు రాసి ఉండేవారు.